నారాయణగూడ జ్యూరీ గది: రిటైరైన కోర్టు స్టెనో రాసిన సమీక్ష

జ్యూరీ అంటే కేసు విని ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు జనం. డబ్బు కట్టి మనమే ఆ జ్యూరీగా కూర్చుని ఒక కల్పిత కేసు తేల్చే ఆట ఇది. నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ట్యూషన్ సెంటర్ ఉన్న బిల్డింగులో రెండో అంతస్తు. మనిషికి 650 రూపాయలు. శనివారం ఇంగ్లీషు బ్యాచ్, ఆదివారం తెలుగు బ్యాచ్. మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెడితే ఏడు దాటాకే వదులుతారు. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కాస్త ముందుగా రండి. కింద బండి పెట్టుకోవడానికి చోటు తక్కువ, మెట్రోలో రావడమే నయం.

నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో స్టెనోగా పనిచేసి రిటైరయ్యాను. సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపు చేయడం, జడ్జిగారు డిక్టేట్ చేసిన తీర్పు రాసుకోవడం నా ఉద్యోగం. మా అక్క మనవరాలు ఉస్మానియాలో లా చదువుతోంది. "అమ్మమ్మా, జ్యూరీ అంటే పుస్తకంలో చదవడమే కదా, ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం రా" అని తనే టికెట్లు తీసింది. మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ లేదు కాబట్టి నా సర్వీసులో నేనూ దాన్ని చూసింది లేదు. ఆదివారం కాలక్షేపం అనుకునే వెళ్లాను. అక్కడ జరిగింది మాత్రం ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఆటలో ఒక మలుపు ఉంది. అది చెప్పకుండా దీని విలువ చెప్పలేను. నెలనెలా కేసునీ మలుపునీ మారుస్తామని, ఇది రాసినా ఫర్వాలేదని నడిపే అమ్మాయే చెప్పింది కాబట్టి చదివినా మీ ఆట పాడవదు.

ఒకేసారి రెండు గదుల్లో ఆడిస్తారు. గదికి పన్నెండు మంది. జంటగా వచ్చినవాళ్లను విడదీసి చెరో గదికి పంపిస్తారు, అలా మా పిల్ల పక్క గదికి వెళ్లింది. ప్రతి ఒక్కరికీ ఒక ఫైలు ఇస్తారు. అందులో ఎఫ్‌ఐఆర్ నకలు, దుకాణం ప్లాను, సీసీ కెమెరా ఫొటోలు, చిట్టీ పాసుబుక్కు జిరాక్సు, సాక్షుల వాంగ్మూలాలు ఉంటాయి. వాచ్‌మన్ సాక్ష్యం మాత్రం స్పీకరులో వినిపిస్తారు.

కేసు ఇది. సికింద్రాబాద్‌లో ఒక బంగారం దుకాణం. రాత్రి మూసే ముందు స్టాకు లెక్క చూస్తే నాలుగు తులాల హారం తక్కువ వచ్చింది. సాయంత్రం కరెంటు పోయి ఆ కౌంటరు మీది కెమెరా 11 నిమిషాలు ఆగింది. కౌంటరులో పనిచేసే కుర్రాడి మీద కేసు పెట్టారు. అదే వారంలో అతను లక్షా ఇరవై వేల అప్పు ఒకేసారి తీర్చేశాడు. అమ్మ పాడిన చిట్టీ డబ్బులు అంటాడు. పాసుబుక్కులో పాట తేదీ ఉంది, డబ్బు చేతికి వచ్చిన తేదీ లేదు. ఆ 11 నిమిషాల్లోనే అతను వెనక తలుపు దగ్గర నిలబడి ఉండగా 40 అడుగుల దూరం నుంచి చూశానని వాచ్‌మన్ చెబుతాడు. ఆ తలుపు తాళంచెవి యజమాని మేనల్లుడి దగ్గర కూడా ఒకటి ఉంటుంది. హారం మాత్రం దొరకలేదు.

ఈ ఫైలు తయారు చేసినవాళ్లకు మొక్కాలి. ఎఫ్‌ఐఆర్ చదువుతుంటే స్టేషన్ రైటరు రాసిన కాగితమే చేతిలో ఉన్నట్టుంది. వాచ్‌మన్ గొంతు చీఫ్‌లో (పిలిచిన వకీలే అడిగేటప్పుడు) ఒకలా, క్రాస్‌లో (అవతలి వకీలు అడిగేటప్పుడు) ఇంకోలా ఉంది. చీఫ్‌లో గడగడా చెప్పినవాడు, క్రాస్‌కి వచ్చేసరికి "గుర్తు లేదు సార్" అని గొంతు తగ్గిస్తాడు. నేను టైపు చేసిన డిపాజిషన్లలో, అంటే కోర్టులో రాసుకున్న సాక్ష్యాల్లో, ఆ తగ్గడం కాగితం మీదకి ఎక్కదు. ఇక్కడ చెవులతో వినొచ్చు. ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అన్నది కూడా తర్వాత బయటపడింది.

మా గదిలో పొడుగాటి బల్ల. మొదట అందరూ పేరు, ఊరు, చేసే పని చెప్పుకోవాలి. కొంపల్లి వైపు అపార్ట్‌మెంట్లు కట్టే ఒక పెద్దాయన బల్ల చివర కుర్చీలో కూర్చున్నారు. పరిచయాలు అవగానే ఆయనే, "సరే, ఒక్కొక్కరం చెబుదామా?" అన్నారు. జ్యూరీకి పెద్దగా ఉండే ఫోర్‌మన్‌ని ఎన్నుకోండి అని నడిపే అమ్మాయి చెప్పేసరికి అందరి కళ్లూ ఆయన వైపే తిరిగాయి. ఎన్నిక అర నిమిషంలో అయిపోయింది. షికాగోలో ఫ్రెడ్ స్ట్రాట్‌బెక్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1950ల్లో నమూనా జ్యూరీలను కూర్చోబెట్టి చూసింది సరిగ్గా ఇదే. బల్ల చివర కూర్చున్నవాళ్లు ఫోర్‌మన్ అయ్యే అవకాశం ఎక్కువ. వ్యాపారాలు, పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూలిపని చేసేవాళ్ల కంటే ఎక్కువ మాట్లాడతారు, వాళ్ల మాటే ఎక్కువ చెల్లుతుంది. ఈ సంగతి ఆట అయ్యాక ఆ అమ్మాయే వివరించింది. అప్పటిదాకా మాకెవరికీ అందులో ప్రత్యేకత ఏమీ కనిపించలేదు.

చర్చకు ముందే చీటీ మీద రహస్యంగా ఓటు రాయించారు. దోషి అని ఏడు, కాదు అని ఐదు. నాది కాదు. ఏళ్ల తరబడి పంచనామా సాక్షులు బోనెక్కి "సంతకం పెట్టమంటే పెట్టాను" అనడం టైపు చేసిన చేతులు నావి. హారం రికవరీ లేకుండా దోషి అనడం నా వల్ల కాదు. అది నా ఉద్యోగం నాలో పెట్టిన మొగ్గు. ఆ గదిలో ప్రతివాళ్లూ ఇలాంటి మొగ్గు ఒకటి వెంట తెచ్చుకున్నారు. దాన్ని దాచుకోవాల్సిన పనేమీ లేదు, కానీ అది ఎక్కడ పనిచేస్తోందో తెలియాలి.

మలక్‌పేట నుంచి వచ్చిన ఒకావిడ ఇంట్లో గతంలో దొంగతనం జరిగింది. "నమ్మినోళ్లే చేస్తరు మేడమ్. మా ఇంట్ల గట్లనే అయింది. గీ పిల్లగాడు కూడ అంతే" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఆ బాధకు గదిలో అందరూ తల ఊపారు. ఆ ఊపులోనే కేసు కొంచెం పక్కకు జరిగింది. ఆవిడ ఇంట్లో జరిగిన దానికీ ఈ కుర్రాడికీ సంబంధం ఏమిటని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, నాకూ రాలేదు. అలా బాధపడుతున్న మనిషిని అడ్డ ప్రశ్న ఎలా వేస్తాం?

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు పక్కా క్రమశిక్షణ మనిషి. ఫైలులో ముఖ్యమైన వాక్యాల కింద స్కేలు పెట్టి గీతలు గీశారు. ఆయన మాట ఒకటే: "పోలీసులకు వేరే పని లేదా అమ్మా? ఏమీ లేకుండా చార్జిషీటు దాకా వస్తుందా?" ఆయన చెడ్డవారు కాదు, గదిలో అందరికంటే శ్రద్ధగా చదివింది ఆయనే. కానీ పైవాళ్లు ఒక నిర్ణయానికి వచ్చారంటే దాని వెనక కారణం ఉండే ఉంటుందన్నది ఆయన స్వభావం. అధికారం మీద గురి ఎక్కువున్నవాళ్లు దోషి అనడానికి మొగ్గుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. అమెరికాలో మరణశిక్ష పడగల కేసుల్లో, ఆ శిక్షను ఎట్టి పరిస్థితిలోనూ వేయలేమనే వాళ్లను జ్యూరీలోకి తీసుకోరు. వాళ్లను తీసేస్తే మిగిలేవాళ్లు దోషి అనడానికే ఎక్కువ మొగ్గుతారని పరిశోధకులు కోర్టు ముందు పెట్టారు. అయినా 1986లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లుతుందనే చెప్పింది. అంటే జ్యూరీలోకి రానిచ్చేటప్పుడే స్వభావాన్ని బట్టి ఒక వడపోత జరిగిపోతోంది. హెడ్మాస్టరుగారు పన్నెండు మందిలో ఒకరైతే ఒక రకం, పన్నెండు మందీ ఆయనలాంటి వాళ్లే అయితే ఇంకో రకం.

ఫోర్‌మన్ పెద్దాయన చేసిన పని వేరు. ఆయన కథ చెప్పారు. కుర్రాడికి అప్పు, అప్పిచ్చినవాడి పోరు, కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూపు, పోగానే వెనక తలుపు, బయట ఎవరో మనిషి సిద్ధంగా. "సరిపోయింది కదా?" అన్నారు. వినడానికి అంతా అతికింది. బయట మనిషి ఉన్నాడని ఫైలులో ఎక్కడా లేదు. అయినా తర్వాత చర్చలో ఇద్దరు ముగ్గురు ఆ మనిషిని నిజంగా ఉన్నవాడిలాగే ప్రస్తావించారు. కాదన్న మా ఐదుగురి దగ్గర విడివిడి ప్రశ్నలే తప్ప కథ లేదు. నాన్సీ పెన్నింగ్టన్, రీడ్ హేస్టీ అనే ఇద్దరు పరిశోధకులు 1988లో దీన్నే పరీక్షించారు. ఒకే హత్య కేసు, ఒకే సాక్ష్యాలు. నేరం మోపే ప్రాసిక్యూషన్ సాక్ష్యాలు కథ వరసలో, ముద్దాయి తరఫు డిఫెన్సువి సాక్షుల వరసలో చెదురుగా ఇస్తే 78 శాతం మంది దోషి అన్నారు. వరస తిరగేస్తే 31 శాతం మందే అన్నారు. సాక్ష్యం మారలేదు, దాన్ని పేర్చిన వరస మారిందంతే. నేను పనిచేసిన చోట మంచి పేరున్న వకీళ్లందరూ ముందు తేదీల పట్టిక ఎందుకు పట్టుకొచ్చేవారో ఆ అంకెలు చూశాక మరింత తెలిసింది.

మనిషి అనుభవం ఎప్పుడూ అడ్డమే అనుకుంటే కూడా పొరపాటు. మా గదిలో రామ్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ ఇరుగుపొరుగుతో కలిసి చిట్టీలు వేస్తారు. ఆవిడ పాసుబుక్కు జిరాక్సు చూసి వెంటనే చెప్పారు. "పాట పాడంగనే పైసలు చేతుల పెట్టరమ్మా. జామీను సంతకాలు కావాలె, ఆ సంతకాలు పెట్టేటోళ్లు దొరకాలె. పదిహేను రోజులు, నెల పడుతది. పాట తారీఖుకీ అప్పు కట్టిన తారీఖుకీ నడుమ మూడు వారాలుంటే అది లెక్కలకు సరిపోయినట్టే." ఫైలులో ఎవరూ చెప్పని సంగతి, మిగిలిన పదకొండు మందికి తట్టని సంగతి. చదువుకున్నవాళ్లే కూర్చుని ఉంటే ఆ ఖాళీ తేదీ అనుమానంగానే మిగిలిపోయేది. జ్యూరీని రకరకాల మనుషులతో నింపాలనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు. ఇంత పనికొచ్చే మాట చెప్పి కూడా ఆవిడ, "నాకేం తెల్వదులే, పెద్దోళ్లు మీరు జెప్పుండ్రి" అని వెనక్కి జరిగారు. ఆఖరి ఓటులో దోషి వైపుకు వెళ్లిపోయారు. ఆవిడ మాటను ఎవరూ ఖండించలేదు, ఎవరూ అందుకోలేదు కూడా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టు చేసే ఒక అబ్బాయి గంట సేపు నోరు విప్పలేదు. నిబంధన ప్రకారం అప్పటిదాకా మాట్లాడనివాళ్లను నడిపే అమ్మాయి ఒక్కసారి పేరు పెట్టి పిలిచి అడుగుతుంది. అడిగాక అన్నాడు, "మరి అన్నా, కరెంటు పోయిందంటున్నం గదా. కెమెరా బంద్ అయింది. వెనక సందుల లైటు మాత్రం ఉన్నదా? చీకట్ల నలభై అడుగుల కెల్లి మొఖం ఎట్ల కనబడ్డది?" గది నిశ్శబ్దమైపోయింది. క్రాస్‌లో వాచ్‌మన్ గొంతు తగ్గింది సరిగ్గా అక్కడే. ఫోర్‌మన్‌గారు, "ఇన్వర్టర్ ఉంటుందిలే బాబూ" అని ముందుకు వెళ్లారు. ఇన్వర్టర్ ఉంటే కెమెరా ఎందుకు ఆగిందని నేను అడిగాను. దానికి జవాబు రాలేదు, కానీ అప్పటికే గంటన్నర అయింది, ఏసీ చప్పుడు, టీ వచ్చింది, నలుగురు ఫోన్లు చూసుకుంటున్నారు.

ఆఖరి ఓటు చేతులెత్తి. దోషి పది, కాదు రెండు. ఆ రెండూ నావీ, జీడిమెట్ల అబ్బాయివీ.

ఇదే పది-రెండు ఇంగ్లండులో అయితే శిక్ష పడేది. 1967 చట్టం తర్వాత అక్కడ ఏకగ్రీవం కుదరకపోతే పన్నెండులో పది మంది చాలని ఒప్పుకున్నారు. అమెరికాలో అయితే తీర్పు తేలనట్టే, ఎందుకంటే తీవ్రమైన నేరాల్లో ఏ రాష్ట్రంలోనైనా ఏకగ్రీవం ఉండాల్సిందేనని 2020లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇలా ఒక్కో దేశం గురించి గోడ మీద చూపిస్తూ ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. హారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 1966లో ప్రచురించిన షికాగో పరిశోధన ప్రకారం, తొలి ఓటులో ఎటువైపు ఎక్కువమంది ఉంటే దాదాపు పదింట తొమ్మిది కేసుల్లో చివరి తీర్పూ అటే వెళ్లింది. మా గదిలో ఏడు పది అయింది, ఐదు రెండయింది. సాక్ష్యం గురించి మేము మాట్లాడుకున్న గంటన్నరలో ముగ్గురు మారారు. ఆ ముగ్గురిలో ఎవరూ కొత్త సాక్ష్యం చూసి మారలేదు.

అప్పుడు మధ్య తలుపు తీసి రెండు గదుల వాళ్లనూ కలిపారు.

పక్క గదిలో తొలి ఓటు దోషి మూడు, కాదు తొమ్మిది. ఆఖరి ఓటు పన్నెండు మందీ కాదు. మా పిల్ల నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మీ ఫైలులో రెండో పేజీ చూపించు" అంది. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఎఫ్‌ఐఆర్ అదే, హారం అదే, 11 నిమిషాలు అవే, వాచ్‌మన్ గొంతు అదే, అప్పు అంతే, పాసుబుక్కు అదే. తేడా ఒక్కచోట. మా కుర్రాడు పాలమూరు వైపు నుంచి వచ్చి బోరబండలో నలుగురితో కలిసి గది అద్దెకు తీసుకుని ఉంటాడు. వాళ్ల కుర్రాడు సైనిక్‌పురిలో ఉంటాడు, తండ్రి బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు.

ఆ ఒక్క పేరా చదివాక మిగతా సాక్ష్యమంతా రెండు గదుల్లో రెండు రకాలుగా కనిపించింది. అప్పు తీర్చడం మా గదిలో అనుమానం, వాళ్ల గదిలో బాధ్యత. చిట్టీ డబ్బులనేది మా దగ్గర సాకు, వాళ్ల దగ్గర మామూలు విషయం. వాచ్‌మన్ చూశానన్న మాట మా దగ్గర ప్రత్యక్ష సాక్ష్యం, వాళ్ల దగ్గర చీకట్లో పొరబడిన మనిషి. వీధి దీపం ప్రశ్న పక్క గదిలో మొదటి పది నిమిషాల్లోనే వచ్చిందని మా పిల్ల చెప్పింది. వాళ్లు తెలివైనవాళ్లని కాదు. ఆ కుర్రాడిని తప్పించే దారి వెతకాలన్న బుద్ధి వాళ్లకు ముందే పుట్టింది, మా వాళ్లకు పుట్టలేదు.

ఫోర్‌మన్‌గారు ఫైలు మళ్లీ తెరిచి ఆ పేజీ చూశారు. "నేను బోరబండ అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు కదమ్మా" అన్నారు. నిజమే. ఆయన అనలేదు. గంటన్నరలో ఆ మాట ఎవరి నోటా రాలేదు. హెడ్మాస్టరుగారు చాలాసేపు మౌనంగా ఉండి, "పాలమూరు నుంచి వచ్చిన పిల్లలకే నేను ముప్పై ఏళ్లు చదువు చెప్పాను" అన్నారు. ఆ మాటలో ఎంత నిజాయితీ ఉందో నేను చూశాను. పక్షపాతం అంటే చెడ్డ మనసున్నవాళ్లదని మనం అనుకుంటాం. ఆ గదిలో ఒక్క చెడ్డ మనసూ లేదు.

ఈ ఆటకు డబ్బు పెట్టొచ్చని నేను చెప్పేది ఈ ఒక్క ఘట్టం కోసమే. ఉపన్యాసం పెట్టి "వివక్ష తప్పు" అని చెబితే అందరం తల ఊపి ఇంటికెళ్లేవాళ్లం. ఇక్కడ మన ఓటే మన ముందు పెట్టి చూపించారు.

అమెరికాలో ఇలాంటిది ఆటలో కాదు, నిజం మనుషుల ప్రాణాల మీద జరిగింది. మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషిని ఒకే హత్య కేసులో ఆరుసార్లు విచారించారు. ఆరుసార్లూ అదే ప్రాసిక్యూటరు. జ్యూరీకి పిలిచినవాళ్లలో కొందరిని వద్దని తీసేసే హక్కు అక్కడ వకీళ్లకు ఉంటుంది. అలా తీసేయగలిగిన 42 మంది నల్లజాతి వాళ్లలో 41 మందిని అతను తీసేశాడు. జాతిని బట్టి అలా తీసేయకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1986లోనే బాట్సన్ కేసులో చెప్పింది. అయినా ఆరోసారి వేసిన శిక్ష 2019లో గానీ రద్దు కాలేదు. మంచి వార్తలు కూడా ఉన్నాయి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ సామర్స్ 2006లో ప్రచురించిన పరిశోధనలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసిన నమూనా జ్యూరీలు అందరూ తెల్లవాళ్లే ఉన్న వాటికంటే ఎక్కువసేపు చర్చించాయి, ఎక్కువ వాస్తవాలు ప్రస్తావించాయి, సాక్ష్యం గురించి తక్కువ తప్పులు మాట్లాడాయి. అందులో తెల్లవాళ్లు కూడా మరింత జాగ్రత్తగా మాట్లాడారు. పక్కన ఎవరు కూర్చున్నారన్నది మన మాటనే మారుస్తుంది.

మన నానావతి కేసు గురించి అక్కడ గోడకు ఒక పోస్టరు పెట్టారు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండర్ కవాస్ నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహుజాను రివాల్వరుతో కాల్చాడు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పును ఒప్పుకోకుండా హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కరంజియా నడిపిన బ్లిట్జ్ పత్రిక నానావతి పక్షాన రాసిన రాతలు, తెల్లటి యూనిఫాంలో కోర్టుకు వచ్చిన అధికారి, బయట జనం. అవన్నీ ఆ ఎనిమిది ఓట్లలో ఉన్నాయని చాలామంది నమ్మారు, నేనూ నమ్ముతాను. పోస్టరు మీద ఒక తప్పు ఉంది. మన దేశంలో ఇదే చివరి జ్యూరీ విచారణ అని రాశారు. కాదు. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ విచారణలు జరిగాయి. జ్యూరీ తీసేయాలని లా కమిషన్ ఈ కేసుకు ముందే, 1958లోనే సిఫారసు చేసింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటివ్వలేదు. పార్శీల పెళ్లి, విడాకుల కేసుల్లో మాత్రం జడ్జితోపాటు జ్యూరీలాంటి ఐదుగురు డెలిగేట్లు కూర్చునే పద్ధతి మిగిలింది. పోస్టరు మార్చమని చెప్పి వచ్చాను, మారుస్తామన్నారు.

ఇక నా అసలు ఫిర్యాదు. ఆఖరి ఓటు చేతులెత్తి వేయించడం ఒకటి, కారణం రాయించకపోవడం ఇంకొకటి. రెండోదే పెద్దది.

నేను తీర్పులు రాసుకున్న మనిషిని. జడ్జి తీర్పులో తేల్చాల్సిన అంశాలేమిటి, వాటి మీద నిర్ణయమేమిటి, దానికి కారణాలేమిటి అన్నవి ఉండాలి. అది చట్టం, 1974 నుంచి 2024 దాకా ఉన్న ఆ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 354వ సెక్షన్. జ్యూరీ అయితే దోషి, కాదు అని ఒక్క మాట చెప్పి లేచిపోవచ్చు. ఒక జడ్జిగారి దగ్గర పనిచేస్తున్నప్పుడు ఆయన ఒక కేసులో శిక్ష వేసేలా డిక్టేషన్ మొదలుపెట్టారు. నాలుగో పాయింటు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. రెండుసార్లు వాక్యం మార్చారు. పెన్ను పెట్టేసి, "రావడం లేదమ్మా, ఈ ముక్క రాయడానికి నా దగ్గర ఏమీ లేదు" అన్నారు. ఆ కేసు కొట్టేశారు. ముద్దాయిని చూస్తే ఎవరికైనా దోషి అనిపించేలా ఉన్నాడు, ఆయనకీ అలాగే అనిపించింది. కాగితం మీదకి తీసుకురావాల్సి వచ్చేసరికి ఆ అనిపించడం నిలబడలేదు.

జడ్జీలకు మొగ్గు ఉండదని నేను అనను. నేను చూసిన వాళ్లలో చిన్న దొంగతనాలంటే మండిపడేవాళ్లు ఉన్నారు, ఆడవాళ్ల సాక్ష్యం ఓపికగా విననివాళ్లు ఉన్నారు. కానీ రాసిన కారణాన్ని పైకోర్టు చదువుతుంది, అవతలి వకీలు చదువుతాడు, స్టెనో కూడా చదువుతుంది. మా గదిలో పది మందినీ రెండు లైన్లు రాయమని ఉంటే, "బోరబండలో ఉంటాడు కాబట్టి" అని ఒక్కరూ రాయరు. "అప్పు తీర్చాడు కాబట్టి దొంగతనం చేశాడు" అని రాయడానికి ప్రయత్నించినవాళ్లకు మధ్యలో ఏదో తగ్గిందని చేతికి తెలిసేది. వాచ్‌మన్ చూశాడని రాయాలంటే వెలుతురు గురించి రాయాల్సి వచ్చేది. కారణం రాయించినంత మాత్రాన మొగ్గు పోదు, ఫ్లవర్స్ కేసులో ఆ ప్రాసిక్యూటరు కూడా ప్రతిసారీ ఏదో ఒక పైకి బాగున్న కారణం చెప్పాడు. అబద్ధం చెప్పదలచుకున్నవాడిని ఇది ఆపదు. మా గదిలో అబద్ధం చెప్పేవాళ్లు లేరు. తమకే తెలియకుండా ఒకవైపు జారినవాళ్లున్నారు. వాళ్లను ఇది ఆపేది.

ఇంకో రెండు మార్పులు కూడా చెప్పి వచ్చాను. పొడుగు బల్ల తీసేసి గుండ్రటి బల్ల వేయండి. పరిచయాల్లో ఉద్యోగం చెప్పించకండి, ఆఖర్న చెప్పించండి. జీడిమెట్ల అబ్బాయి షిఫ్టు వర్కరని, పెద్దాయన బిల్డరని తెలియకపోతే "ఇన్వర్టర్ ఉంటుందిలే బాబూ" అని అంత తేలిగ్గా దాటేయగలిగేవారు కాదనుకుంటాను. మాట్లాడనివాళ్లను పేరు పెట్టి పిలిచే నిబంధన చాలా మంచిది, దాన్ని మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. అయితే గంట తర్వాత కాదు, మొదటి పావుగంటలో పిలవాలి.

చిన్నవి కొన్ని. ఏసీ చప్పుడుకి ఆడియోలో వాచ్‌మన్ మాటలు వెనక కూర్చున్నవాళ్లకి సరిగా వినపడలేదు, స్పీకరు మధ్యలో పెట్టాలి. టీ బాగుంది, ఉస్మానియా బిస్కెట్లు తాజాగా ఉన్నాయి. ఫైలులో తెలుగు శుభ్రంగా ఉంది, అక్షరాలు మాత్రం ఇంకొంచెం పెద్దవి కావాలి. కళ్లజోడు మర్చిపోతే కష్టం. నడిపే ఆ ఇద్దరు పిల్లలు ఓపికమంతులు. మలుపు తర్వాత ఎవరినీ చిన్నబుచ్చలేదు, తొలి చీటీల్లో ఏ ఓటు ఎవరిదో బయటపెట్టలేదు, హెడ్మాస్టరుగారి పక్కన కూర్చుని ఆయన మాట పూర్తయ్యేదాకా విన్నారు. అది నేర్పితే వచ్చేది కాదు.

ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసేవాళ్లు, కాలనీ సంఘాల్లో తగువులు తీర్చేవాళ్లు, బడిలో పిల్లల మీద ఫిర్యాదులు విచారించేవాళ్లు తప్పకుండా వెళ్లండి. లా విద్యార్థులకు చెప్పక్కర్లేదు, రాయితీ కూడా ఉంది. పదహారేళ్లు నిండినవాళ్లనే రానిస్తారు. భార్యాభర్తలు, అన్నదమ్ములు కలిసి వెళితే చెరో గదికి పంపిస్తారని ముందే తెలుసుకుని వెళ్లండి, ఒకే గది కావాలని మొండికేయకండి. ఐదుకి నాలుగు నక్షత్రాలు. బుకింగ్ వాట్సాప్‌లో, ఆదివారం బ్యాచ్ త్వరగా నిండిపోతుంది కాబట్టి బుధవారానికల్లా డబ్బు కట్టేయండి.